టవర్ ఫుల్లు, కాల్ నిల్లు: తొలి పలకరింపులోనే డ్యూప్లెక్స్ చిక్కు

క్లుప్తంగా: ఫోనైనా, కరెంటు మీటరైనా నెట్‌వర్క్‌లోకి రావాలంటే ముందు టవర్ తలుపు తట్టాలి. దీన్నే ర్యాండమ్ యాక్సెస్ అంటారు. చెప్పడం, వినడం అనే రెండు పనులూ నడిచే తీరును డ్యూప్లెక్స్ అంటారు. ఆ రెండూ ఒకేసారి చేయగల పరికరాలకు తలుపు తట్టడం సులువే. ఒకసారికి ఒకటే చేయగల చౌక పరికరాలకు మాత్రం చెప్పడం ఆపి వినడానికి మారే ఆ కాస్త వ్యవధిలోనే చిక్కంతా ఉంది. ఆ మార్పు ఎప్పుడు జరగాలో నెట్‌వర్క్ ముందే తేల్చుకోవాలి. అప్పటికి తట్టింది ఎవరో కూడా దానికి తెలియదు.

డిసెంబరు 31 రాత్రి విశాఖ ఆర్కే బీచ్ రోడ్డు. లేదంటే పీఎం పాలెం స్టేడియంలో మ్యాచ్ అయిపోయి జనం ఒక్కసారిగా గేట్ల దగ్గరికి వచ్చే సమయం. ఫోన్‌లో గీతలు నిండుగా ఉంటాయి. క్యాబ్ బుక్ చేద్దామంటే చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఇంటికి చేద్దామంటే రింగు కూడా పడదు. ‘టవర్ ఫుల్‌గానే ఉంది కదా’ అనుకుంటూ ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీయడం అందరూ చేసేదే.

నిజానికి ఆ గీతలు చెప్పేది సగం సంగతే. టవర్ గొంతు ఫోన్‌కు ఎంత బాగా వినపడుతోందో మాత్రమే అవి చూపిస్తాయి. ఫోన్ గొంతు టవర్‌కు చేరుతోందా, చేరినా వందల గొంతుల మధ్య అది ఎవరిదో టవర్ పోల్చుకుందా అన్నది ఏ గీతా చూపదు. రెండో సగం తేలేది ర్యాండమ్ యాక్సెస్‌లో. 5జీ ఫోన్లతో పాటు చేతి వాచీలు, మీటర్లు, కెమెరాలు కూడా అదే తలుపు తట్టడం మొదలయ్యాక ఈ సగం ఇంకాస్త జటిలమైంది.

బోటులో సెట్టు, చేతిలో ఫోను

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు వెళ్లేవాళ్లకు డ్యూప్లెక్స్ అనే మాట తెలియకపోవచ్చు, విషయం మాత్రం తెలుసు. వీహెచ్ఎఫ్ రేడియో సెట్టులో 16వ ఛానెల్, అంటే 156.8 మెగాహెర్ట్జ్, అందరికీ ఒక్కటే. బటన్ నొక్కితే మాట పోతుంది, వదిలితే మాట వస్తుంది. నొక్కి ఉంచినంతసేపు అవతలివాళ్లు గొంతు చించుకున్నా వినపడదు. మాట ముగిశాక ‘ఓవర్’ అనడం అందుకే. రెండు బోట్లు ఒకేసారి బటన్ నొక్కితే మరో తమాషా. గొడవ జరిగిందని ఆ రెండింటికీ తెలియదు. మూడో బోటుకు గరగర వినిపిస్తుంది, లేదా దగ్గరగా ఉన్న బోటు మాట ఒక్కటే నెగ్గుతుంది. మాట్లాడుతున్నవాడికి తన మాట పాడైన సంగతి తెలియకపోవడం అన్నది గుర్తుంచుకోవాల్సిన విషయం, ఎందుకంటే సెల్‌ఫోన్ల తలుపు తట్టడంలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది.

ఒకసారికి ఒకవైపే నడిచే ఈ పద్ధతి హాఫ్ డ్యూప్లెక్స్. రెండు వైపులా ఒకేసారి నడిస్తే ఫుల్ డ్యూప్లెక్స్. సెల్ నెట్‌వర్కుల్లో రెండు వైపుల మాటనూ నడపడానికి రెండు దారులు పాతవే. మొదటిది ఎఫ్‌డీడీ: పంపడానికి ఒక పౌనఃపున్యం, వినడానికి మరొకటి. 850 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఫోన్ 824-849 మధ్య పంపుతుంది, 869-894 మధ్య వింటుంది. రెండోది టీడీడీ: పౌనఃపున్యం ఒకటే, కాలాన్ని వంతులు వేస్తారు. మన దగ్గర 3.3 గిగాహెర్ట్జ్ 5జీ, 2300 మెగాహెర్ట్జ్ 4జీ నడిచేది ఇలాగే. ఆ 5జీలో ఒక్కో వంతు అర మిల్లీసెకను. డౌన్‌లోడ్లే ఎక్కువ కాబట్టి వంతుల్లో పెద్ద వాటా టవర్‌దే, ఫోన్‌కు దక్కేది కొద్ది.

ఎఫ్‌డీడీలో రెండు పనులూ ఒకేసారి జరగాలంటే ఫోన్‌లో డ్యూప్లెక్సర్ అనే ఫిల్టర్ల జత ఉండాలి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడి కత్తుల తేడా మరీ ఘోరం. ఫోన్ పంపే శక్తి గరిష్ఠంగా 200 మిల్లీవాట్లు. అదే యాంటెన్నాకు టవర్ నుంచి చేరే సంకేతం దానికంటే లక్ష కోట్ల రెట్లు బలహీనంగా ఉండొచ్చు. తన అరుపులో ఎదుటివాడి గుసగుస వినాలంటే ఫిల్టర్ అంత గట్టిగా అడ్డుకోవాలి. పైగా బ్యాండ్‌కో ఫిల్టర్ జత కావాలి. ఫోన్ ధరలో ఇది కలిసిపోతుంది, మీటరులోనో, పశువు మెడలో కట్టే ట్యాగ్‌లోనో అయితే బరువే.

అందుకే మూడో దారి వచ్చింది: హాఫ్ డ్యూప్లెక్స్ ఎఫ్‌డీడీ. పౌనఃపున్యాలు రెండే, పని మాత్రం ఒకసారికి ఒకటే. డ్యూప్లెక్సర్ తీసేసి చిన్న స్విచ్ పెడతారు. ఖర్చు తగ్గుతుంది, బ్యాటరీ కలిసొస్తుంది. నష్టం ఎక్కడంటే, స్విచ్ ఇటు నుంచి అటు పడేలోపు పరికరానికి మాటా ఉండదు, వినికిడీ ఉండదు.

పేరు చెప్పకుండా తట్టడం

ఈ తలుపు తట్టే పద్ధతికి మూలం హవాయి దీవుల్లో ఉంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలపడానికి అలోహా అనే ఏర్పాటు చేసింది. సూత్రం చాలా సాదా. చెప్పాలనుకున్నప్పుడు చెప్పెయ్, జవాబు రాకపోతే కాసేపాగి మళ్లీ చెప్పు. ఎవరికి వారే యమునా తీరే అన్న పద్ధతి ఇది. కాలాన్ని గడులుగా కోసి, గడి మొదట్లోనే మాట మొదలుపెట్టాలన్న నియమం చేర్చినా, లెక్క ప్రకారం గడుల్లో గరిష్ఠంగా 37 శాతమే ఫలిస్తాయి. మిగతావి ఖాళీగా పోతాయి, లేదా ఢీకొంటాయి.

4జీ, 5జీల్లో ఇదే సూత్రానికి కాస్త మెరుగులు దిద్దారు. ఫోన్ ముందు టవర్ ప్రసారం చేసే ప్రకటనలు విని, ఎప్పుడు, ఎక్కడ తట్టవచ్చో తెలుసుకుంటుంది. ఆ సమయానికి 64 సంకేత నమూనాల్లోంచి ఒకటి యాదృచ్ఛికంగా ఎంచుకుని పంపుతుంది. దీని పేరు ప్రీయాంబుల్. ఇందులో పేరు లేదు, నంబరు లేదు, ‘ఎవరో వచ్చారు’ అన్న శబ్దం తప్ప. రెండో అడుగులో టవర్ ‘ఫలానా నమూనా పంపినవాళ్లు, మీ సమయం ఇంత సవరించుకుని, ఫలానా చోట మాట్లాడండి’ అని జవాబిస్తుంది. మూడో అడుగులో ఫోన్ తన గుర్తింపు చెబుతుంది. నాలుగో అడుగులో టవర్ ఆ గుర్తింపునే తిరిగి పలుకుతుంది. తన పేరు వినపడినవాడు లోపలికి, వినపడనివాడు మళ్లీ మొదటికి.

ఇద్దరు ఒకే నమూనా ఎంచుకుంటే ఏమవుతుందో చూడాలి. టవర్‌కు అది తరచూ ఒక్కరే తట్టినట్టు వినపడుతుంది. జవాబు ఇద్దరికీ తమదే అనిపిస్తుంది. మూడో అడుగులో ఇద్దరూ ఒకే చోట మాట్లాడతారు. ఢీకొన్న సంగతి బయటపడేది నాలుగో అడుగులో. బోటు సెట్టులో బటన్ నొక్కినవాడి పరిస్థితే ఇది, కాకపోతే తెలిసొచ్చేసరికి పదుల మిల్లీసెకన్లు ఖర్చయిపోతాయి.

ఈ నాలుగడుగులనూ డ్యూప్లెక్స్ కంటితో చూస్తే: చెప్పు, విను, చెప్పు, విను. మధ్యలో మూడు మలుపులు. ఫుల్ డ్యూప్లెక్స్ ఫోన్‌కు ఇవి మలుపులే కావు, దాని చెవి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. హాఫ్ డ్యూప్లెక్స్ పరికరం ప్రతి మలుపులోనూ స్విచ్ వేయాలి. అది వేసేలోపే టవర్ జవాబు వచ్చిందంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. జవాబు వృథా, దానికి కేటాయించిన చోటు వృథా, పరికరం మళ్లీ తట్టడంతో మరో అవకాశమూ వృథా. సెల్ నెట్‌వర్కుల ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ 16వ విడుదలలో వచ్చిన రెండడుగుల పద్ధతి మొదటి, మూడో అడుగులను కలిపి ఒకేసారి పంపిస్తుంది. అప్పుడు మలుపు ఒక్కటే. కాకపోతే పేరు భాగం టవర్‌కు అర్థంకాకపోతే పాత నాలుగడుగుల దారికే తిరిగి రావాలి.

సెల్లార్‌లో మీటరు

దగ్గర్నుంచి ఒక ఉదాహరణ చూస్తే చిక్కు ఎంత సూక్ష్మమో తెలుస్తుంది. ఎంవీపీ కాలనీలో ఏదో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఎన్‌బీ-ఐఓటీ (మీటర్ల లాంటి చౌక పరికరాల కోసం చేసిన సెల్ పద్ధతి) మోడెమ్ ఉన్న మీటరు ఒకటి ఉందనుకుందాం. పైన ఐదు అంతస్తుల కాంక్రీటు. సంకేతం బాగా నీరసించి చేరుతుంది. ఇలాంటి చోట్ల నెగ్గుకు రావడానికి ఎన్‌బీ-ఐఓటీ చేసే పని ఒక్కటే, చెప్పిందే చెప్పడం. దాని ప్రీయాంబుల్ ఒకసారి పంపడానికి దాదాపు 6 మిల్లీసెకన్లు. అదే ప్రీయాంబుల్‌ను 128 సార్ల దాకా తిరిగి తిరిగి పంపవచ్చు. అంటే ఒక్కసారి తలుపు తట్టడానికే ముప్పావు సెకను పైన పడుతుంది.

అంతసేపూ మీటరు ఏమీ వినదు. ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. చౌక మోడెమ్‌లో పౌనఃపున్యాన్ని నిలబెట్టే స్ఫటికం కూడా చౌకదే. ప్రసారం సాగేకొద్దీ మోడెమ్ వేడెక్కి దాని లెక్క జారుతుంది. మామూలుగా టవర్ సంకేతం వింటూ ఆ జారుడును సరిచేసుకోవచ్చు. వినడమే ఆగిపోయినప్పుడు సరిచూసుకునేదెలా? అందుకే ప్రమాణంలో ఒక విరామం రాశారు. 64 సార్లు పంపాక 40 మిల్లీసెకన్లు ఆగాలి. మీటరు ఆ విరామంలో స్విచ్‌ను వినే వైపు తిప్పి, టవర్‌తో తన గడియారాన్నీ పౌనఃపున్యాన్నీ సరిచూసుకుని, మళ్లీ చెప్పే వైపు తిప్పి మిగతా 64 పూర్తి చేస్తుంది. తలుపు తట్టడం మధ్యలో చెవి ఒగ్గి, మళ్లీ తట్టడం అన్నమాట. ర్యాండమ్ యాక్సెస్ సాగుతుండగా డ్యూప్లెక్స్ దిశ మార్చుకోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

టవర్ కూడా తొందరపడదు. తక్కువసార్లు తట్టినవాళ్లకు జవాబు సమయం 4 మిల్లీసెకన్ల తర్వాత మొదలైతే, 64 లేదా అంతకు మించి తట్టినవాళ్లకు 41 మిల్లీసెకన్ల తర్వాతే మొదలవుతుంది. ఇది సాధ్యపడటానికి కారణం, ఎఫ్‌డీడీలోని ఎన్‌బీ-ఐఓటీ పరికరాలన్నీ హాఫ్ డ్యూప్లెక్స్ జాతివే కావడం. టవర్ ఎవరినీ అడగక్కర్లేదు. తలుపు అవతల ఉన్నవాడు వినికిడి మందగించినవాడే అని ముందే ఖాయం.

అందరూ ఒకే క్యూలో

రెడ్‌క్యాప్‌తో ఆ ఖాయం పోయింది. 3జీపీపీ 17వ విడుదలలో వచ్చిన ఈ తరగతి, వాచీలకూ కెమెరాలకూ కర్మాగారాల సెన్సర్లకూ సరిపోయే తేలికపాటి 5జీ. మామూలు బ్యాండ్లలో దీని వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు మించదు. 2025లో వచ్చిన ఆపిల్ 5జీ వాచీల్లో ఉన్నది ఇదే. ఎఫ్‌డీడీ బ్యాండ్లలో ఇది ఫుల్ డ్యూప్లెక్స్‌గా ఉండొచ్చు, హాఫ్‌గానూ ఉండొచ్చు. తయారీదారు ఇష్టం. తట్టేది మాత్రం మామూలు ఫోన్లు తట్టే తలుపే.

సాంకేతికంగా చూస్తే రెడ్‌క్యాప్ స్విచ్ వేగమైనదే. దిశ మారడానికి 13 మైక్రోసెకన్లు చాలు. ఎన్‌బీ-ఐఓటీ తరహా పరికరాల్లో పౌనఃపున్యం పుట్టించే భాగం ఒక్కటే ఉంటుంది. దాన్ని ఇటు నుంచి అటు తిరిగి శ్రుతి చేయాలి కాబట్టి ఒక మిల్లీసెకను కాపలా గడి ఇస్తారు. రెడ్‌క్యాప్‌లో ఆ అవసరం లేదు. ఒక మిల్లీసెకనుతో పోలిస్తే 13 మైక్రోసెకన్లు లెక్కలోకే రాదు. మరి సమస్య ఎక్కడ?

సమస్య వేగంలో లేదు, ఎరుకలో ఉంది. ప్రీయాంబుల్‌లో పేరు లేదని చెప్పుకున్నాం. తట్టింది ఖరీదైన ఫోనో, రెండు పనులూ ఒకేసారి చేయలేని సెన్సరో టవర్‌కు తెలియదు. పరికరం తన సామర్థ్యాల చిట్టా పూర్తిగా చెప్పేది లోపలికి వచ్చాకే. అంతవరకూ టవర్ ముందున్న దారులు రెండు. తట్టిన ప్రతివాళ్లనూ హాఫ్ డ్యూప్లెక్స్‌గానే భావించి, మలుపు మలుపుకూ వ్యవధి ఇవ్వడం ఒకటి. ఇందులో ఎవరూ జారిపోరు, కానీ వేగంగా ఉన్నవాళ్లకూ ఆలస్యం తప్పదు. తట్టింది ఏ రకం పరికరమో ముందే కనిపెట్టే ఏర్పాటు చేసుకోవడం రెండోది.

కనిపెట్టడానికి ప్రమాణంలో దారులున్నాయి. రెడ్‌క్యాప్ పరికరాలకు కొన్ని ప్రీయాంబుల్‌లు విడిగా కేటాయిస్తే మొదటి తట్టుతోనే జాతి తెలిసిపోతుంది. కానీ 64లో కొన్ని పక్కన పెడితే మిగతావాళ్లకు నమూనాలు తగ్గి, ఢీకొనడాలు పెరుగుతాయి. రిజర్వేషన్ బోగీ ఖాళీగా పోతుంటే జనరల్ బోగీలో కాలు పెట్టే చోటు లేకపోవడం లాంటిది. మూడో అడుగులో, గుర్తింపుతో పాటు జాతి చెప్పించడం మరో దారి. దీనికి నమూనాలు ఖర్చు కావు, కానీ మొదటి రెండు మలుపులూ అప్పటికే దాటిపోయి ఉంటాయి. ఇంకో మెలిక: ఈ రెండు దారులూ చెప్పేది రెడ్‌క్యాప్ అవునా కాదా అన్నది మాత్రమే. అది హాఫా, ఫుల్లా అన్నది అప్పటికీ ఊహే.

ఆచరణలో చూస్తే, సెన్సర్లు గుంపుగా ఉండే పోర్టు, ఉక్కు కర్మాగారం లాంటి చోట్ల విడి ప్రీయాంబుల్‌లు అర్థవంతం. జనం ఫోన్లతో కిక్కిరిసే బీచ్ రోడ్డులో మూడో అడుగు దారే మేలు. ఊరంతటికీ ఒకే అమరిక పెట్టి వదిలేస్తే రెండు చోట్లా నష్టమే.

వీటన్నిటికంటే ముందు ఇంకో చిన్న బిట్ ఉంది. హాఫ్ డ్యూప్లెక్స్ రెడ్‌క్యాప్‌కు ఈ సెల్‌లో అనుమతి ఉందో లేదో టవర్ తన ప్రకటనల్లోనే చెబుతుంది. అనుమతి లేకపోతే ఆ పరికరం తలుపు తట్టనే తట్టదు. గీతలున్నా పనిచేయని వస్తువుగా మిగులుతుంది.

కరెంటు తిరిగొచ్చిన క్షణం

జనం గుమిగూడటం కంటే ర్యాండమ్ యాక్సెస్‌ను ఎక్కువ హడలెత్తించేది యంత్రాలు గుమిగూడటం. మనుషులు ఎంత తొందరపడ్డా తలో క్షణంలో ఫోన్ తీస్తారు. యంత్రాలు అలా కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటూ, ఫోన్లూ కలిసే పోయాయి. ఇంటింటికీ మోడెమ్ ఉన్న మీటర్ల కాలంలో అలాంటి దెబ్బ తగిలితే కరెంటు తిరిగొచ్చిన క్షణం కూడా పరీక్షే. ఫీడర్ ఛార్జ్ కాగానే ఆ పరిధిలోని పరికరాలన్నీ ఒకేసారి మేల్కొని తలుపు మీద పడతాయి.

3జీపీపీ ఈ పరిస్థితిని లెక్కించడానికి వాడిన నమూనాలో 30,000 పరికరాలు పది సెకన్లలో వస్తాయి. సగటున సెకనుకు 3,000. కానీ సమంగా రావు, నాలుగో సెకను దగ్గర పోటెత్తి సెకనుకు 6,000 దాటతాయి. అందరూ పోటీపడే ప్రీయాంబుల్‌లు 54, ప్రతి 5 మిల్లీసెకన్లకు ఒక అవకాశం అనుకుంటే, పోటు సమయంలో ఒక్కో అవకాశానికి 31 పరికరాలు తడతాయి. 54 నమూనాలుంటే 31కి సరిపోతాయి కదా అనిపిస్తుంది. సరిపోవు. ఎంపిక గుడ్డిది కాబట్టి ఢీకొనకుండా బయటపడేవి సగటున 18. మిగిలిన 13 వెంటనే తిరిగొస్తే తర్వాతి అవకాశంలో 44 తడతాయి, 20 నెగ్గుతాయి. ఆ తర్వాత 55 తడతాయి, నెగ్గేది మళ్లీ 20. ఎంతమంది తట్టినా నెగ్గేవాళ్లు 20 దాటరు, తట్టేవాళ్లు మాత్రం పేరుకుపోతారు. ఇంకా పెరిగితే 20 కూడా తగ్గిపోతుంది.

దీనికి మందు కాసేపాగమనడమే. టవర్ తన జవాబులో వెనక్కి తగ్గే వ్యవధి ఒకటి ప్రకటిస్తుంది. 4జీలో అది 960 మిల్లీసెకన్ల దాకా ఉండొచ్చు. పరికరాలు ఆలోపు తలో క్షణం ఎంచుకుని తిరిగొస్తాయి. హాఫ్ డ్యూప్లెక్స్ నొప్పి మళ్లీ ఇక్కడే. ఆ ప్రకటన వినాలన్నా చెవి తెరిచి ఉండాలి. వినే వైపు సమయానికి తిరగని పరికరానికి జవాబూ అందదు, ఆగమన్న మాటా అందదు. అది గొంతు పెంచి మళ్లీ తడుతుంది. నిజంగానే పెంచుతుంది, ప్రతి విఫల ప్రయత్నానికీ ప్రీయాంబుల్ శక్తిని ఒక మెట్టు ఎక్కించడం నియమం.

సముద్రం వైపు

తీరప్రాంతానికి మరో రెండు ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయి. రెండూ కాంతి వేగం తెచ్చేవే. రేడియో తరంగం కిలోమీటరు వెళ్లి రావడానికి 6.7 మైక్రోసెకన్లు. మామూలుగా వాడే పొడవాటి ప్రీయాంబుల్ చివర వదిలే ఖాళీ దాదాపు 97 మైక్రోసెకన్లు, అంటే 14.5 కిలోమీటర్ల వరకు సరిపోతుంది. కొండ మీది టవర్ సంకేతం సముద్రం మీద అడ్డేమీ లేక 20 కిలోమీటర్ల అవతలి బోటుకూ చేరుతుంది. ఫోన్‌లో గీతలు కనపడతాయి. కానీ బోటు నుంచి ప్రీయాంబుల్ వచ్చేసరికి 133 మైక్రోసెకన్ల జాప్యం. టవర్ అప్పటికే తర్వాతి పనిలో పడి ఉంటుంది. ఇంకా పొడవాటి ప్రీయాంబుల్‌లు అమరిస్తే 4జీలో వంద కిలోమీటర్ల దాకా కూడా వినొచ్చు, కానీ అవి ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే దారిలో (అప్‌లింక్‌లో) ఎక్కువ చోటు తింటాయి.

రెండోది టీడీడీది. టవర్ వంతు నుంచి ఫోన్ వంతుకు మారే చోట గార్డ్ పీరియడ్ అనే ఖాళీ ఉంచుతారు. 3.3 గిగాహెర్ట్జ్ 5జీలో రెండు సింబళ్లు (వంతులోని చిన్న ముక్కలు) వదిలితే అది 71 మైక్రోసెకన్లు. పక్క టవర్లన్నీ ఒకే తాళంలో నడవాలి కాబట్టి వాటి గడియారాల మధ్య తేడా 3 మైక్రోసెకన్లకు మించకూడదన్నది నియమం. ఇంత జాగ్రత్తనూ వాతావరణం తలకిందులు చేయగలదు. నీటి మీద తేమ గాలి, దానిపైన వెచ్చటి పొడి గాలి పొరలుగా నిలిచినప్పుడు వాటి మధ్య తరంగాలకు గొట్టంలాంటి దారి ఏర్పడుతుంది. సంకేతం వందల కిలోమీటర్లు పోతుంది. 150 కిలోమీటర్ల నుంచి, అంటే కాకినాడకు కాస్త అవతలి నుంచి, వచ్చే సంకేతానికి అర మిల్లీసెకను పడుతుంది. 5జీలో అది సరిగ్గా ఒక వంతు. అక్కడి టవర్ తన వంతులోనే, న్యాయంగానే పంపిన మాట ఇక్కడ ఫోన్ల వంతులో వచ్చి పడుతుంది. తలుపు తట్టే చప్పుడు అందులో మునిగిపోతుంది.

దీనికి 16వ విడుదలలో వచ్చిన పరిష్కారం భలే ఉంటుంది. దెబ్బ తింటున్న టవర్ ఒక ప్రత్యేక సంకేతం పంపుతుంది. గాలి గొట్టం రెండు వైపులా పనిచేస్తుంది కాబట్టి, గొడవకు కారణమైన దూరపు టవర్‌కు అది వినపడుతుంది. విన్న టవర్ తన వంతు చివరి సింబళ్లను వదులుకుంటుంది.

టవరే రెండు పనులూ చేస్తే

ఇప్పటిదాకా స్విచ్ పరికరంలో ఉంది. తర్వాతి మార్పు టవర్‌లో రాబోతోంది. 18వ విడుదలలో అధ్యయనం చేసి, 19వ విడుదలలో ప్రమాణంగా తీసుకొచ్చిన సబ్‌బ్యాండ్ ఫుల్ డ్యూప్లెక్స్ ప్రకారం, టీడీడీలో టవర్ వంతు నడుస్తుండగానే బ్యాండ్ మధ్యలో కొంత ముక్క ఫోన్ల కోసం తెరిచి ఉంచవచ్చు. టవర్ ఒకేసారి చెబుతుంది, వింటుంది. ఫోన్ మాత్రం హాఫ్ డ్యూప్లెక్స్‌గానే ఉంటుంది.

తలుపు తట్టేవాడికి లాభమేమంటే, తన వంతు కోసం ఎదురుచూడక్కర్లేదు, అవకాశాలు పెరుగుతాయి. కానీ ఆ అవకాశాలన్నీ ఒక రకం కావు. అచ్చంగా ఫోన్లకు వదిలిన వంతులో టవర్ నిశ్శబ్దంగా వింటుంది. కలగలుపు వంతులో తన ప్రసారం తన చెవిలోనే కొంత పడుతుంటే వింటుంది. దగ్గరున్న ఫోన్‌కు ఈ తేడా పట్టదు, సెల్ అంచున ఉన్న ఫోన్‌కు అదే చావు బతుకుల తేడా. ఇంకో వైపు, ఒక ఫోన్ తడుతుండగా పక్క సీటులోని ఫోన్ టవర్ మాట వింటూ ఉండొచ్చు. స్టేడియంలో ఆ రెండింటి మధ్య దూరం మూరెడు. ఈ తట్టుడు ఆ చెవిలో మోగుతుంది.

కాబట్టి ఫోన్ తేల్చుకోవాల్సినవి పెరుగుతాయి. మొదట ఏ రకం వంతులో తట్టాలి? టవర్ సంకేతం బలంగా వినపడితే కలగలుపు వంతు, నీరసంగా ఉంటే అచ్చమైన వంతు అన్నది సహజమైన సూత్రం. విఫలమైతే రెండో రకానికి మారాలా? మారితే శక్తి మెట్లు ఉన్నచోటి నుంచే ఎక్కాలా, మొదటి నుంచా? ఉన్నచోటి నుంచి ఎక్కితే నిశ్శబ్దమైన వంతులో అక్కర్లేని అరుపవుతుంది. మొదటి నుంచైతే ప్రయత్నాలు ఖర్చవుతాయి. పాత ఫోన్లకు కలగలుపు వంతు అనేది ఉందనే తెలియదు. వాటిని కదిలించకుండా ఇవన్నీ అమర్చాలి.

ఫోన్ కూడా ఒకే బ్యాండ్‌లో పూర్తి ఫుల్ డ్యూప్లెక్స్ అయ్యే రోజు వస్తే అప్పుడూ తొలి అడుగులో హాఫ్ డ్యూప్లెక్స్‌గా ఉండటమే భద్రం. రెండు వైపులా ఒకేసారి నడవాలంటే తన అరుపును తన చెవిలోంచి తీసివేసే సర్దుబాటు ముందు జరగాలి, ఎంత శక్తితో పంపాలో ముందు తెలియాలి. ఆ శక్తి ఎంతో తేలేదే ర్యాండమ్ యాక్సెస్‌లో. జవాబు అందాక, సమయం సవరించుకున్నాక, మూడో అడుగు నుంచి మోడ్ మార్చుకోవడానికి అర్థం ఉంటుంది. అంతకు ముందు మారితే మిగిలేది కొన్ని మిల్లీసెకన్లు, పోయేది ప్రయత్నం మొత్తం.

ఇక్కడ మారేదేమిటి

విశాఖలో 5జీ వచ్చింది 2022 డిసెంబరు చివరలో. ఇప్పుడు ఊళ్లో మాటలన్నీ గూగుల్ డేటా సెంటర్, సముద్రపు కేబుళ్లు, గిగావాట్ల చుట్టూ తిరుగుతున్నాయి. ఆ కేబుల్ ఎంత లావుదైనా, సెల్లార్‌లోని మీటరుకో, వాచీకో దారి ఈ తలుపు గుండానే.

వినియోగదారు చేతిలో ఉన్నది తక్కువే. రద్దీలో ఎయిర్‌ప్లేన్ మోడ్ పదేపదే వేసి తీయడం పనికిరాదు, వేసి తీసిన ప్రతిసారీ ఫోన్ క్యూలో మళ్లీ కొత్తగా తడుతుంది. అలాగని ఒకసారి కూడా చేయొద్దని కాదు, సెల్ మారడానికి అది ఒక్కోసారి ఉపయోగపడుతుంది. సింహాచలం గిరి ప్రదక్షిణలా లక్షలమంది కదిలే చోట్ల ఆపరేటర్లు బండి మీది తాత్కాలిక టవర్లు తెచ్చి పెడితే ఊరట కలగడానికి ఒక కారణం, తలుపుల సంఖ్య పెరగడమే.

ఎక్కువ ఎంపిక ఉన్నది సిమ్ ఉన్న పరికరాలను టోకున కొనేవాళ్లకు. గోదాముల్లో ట్రాకర్లు, పంపుల దగ్గర సెన్సర్లు, గేట్ల దగ్గర కెమెరాలు పెట్టేవాళ్లు ధర, బ్యాటరీ, వారంటీ అడుగుతారు. మోడెమ్ పత్రంలో ఇంకో వరస ఉంటుంది: ఏ బ్యాండ్‌లో ఫుల్ డ్యూప్లెక్స్, ఏ బ్యాండ్‌లో హాఫ్. దాన్ని చూశాక ఆపరేటర్‌ను అడగాల్సింది ఒకటి ఉంటుంది. ఈ చుట్టుపక్కల సెల్‌లలో హాఫ్ డ్యూప్లెక్స్ పరికరాలకు అనుమతి బిట్ వేసి ఉందా? ఆ జవాబు వందల పరికరాలు బిగించాక కంటే, బిగించక ముందు తెలుసుకుంటే చవక.